మైసి ఎడమ కన్ను

శ్రావణం, మొదటి వారం

మూడో సొరంగంలో దీపాలన్నీ విప్పి తుడిచాను. చిమ్నీల నిండా దుమ్ము. పైన వేడిగాలి లేచినట్టుంది, గాలి దారులకు కట్టిన వడపోత గుడ్డల్ని దాటుకుని ఇక్కడిదాకా దిగింది. దీపాల గది పనివాడిగా నేను రాయాల్సింది ఇంతే. ఈ కింది సంగతి ఎవరికీ చూపించేది కాదు, నాకోసం రాసుకుంటున్నాను.

పని దిగి వచ్చాక మైసిని ఒళ్ళో పడుకోబెట్టుకుని పేలు చూస్తున్నాను. నా బిడ్డకు నాలుగేళ్ళు దాటాయి. ఒక్కచోట కుదురుగా ఉండే పిల్ల కాదు. చేతికి పాత గుండీల దండ దొరికింది కాబట్టి ఊరుకుంది. తల పక్కకు తిప్పబోతే నా అరచెయ్యి దాని కుడి కన్ను మీద పడింది.

"చెయ్యి తియ్యి బాపూ, దీపం ఆరిపోయింది."

దీపం ఆరలేదు. మా నెత్తి మీదే వెలుగుతోంది. ఆటేమో అనుకుని ఈసారి ఎడమ కన్ను మూశాను. ఏమీ అనలేదు, గుండీలు లెక్కపెట్టుకుంటూనే ఉంది. మళ్ళీ కుడి కన్ను మూశాను. నా చెయ్యి పట్టుకుని కొరికింది.

"ఆరిపోయిందంటున్న గద!"

అంబలి కలుపుతున్న సరోజన చేతిలో గరిటె ఆగిపోయింది. సరోజన నా భార్య. చలికాలంలో ఎండ తగ్గినప్పుడు పైకెక్కి తోటల్లో పనిచేస్తుంది. మిగతా కాలమంతా అందరిలాగే ఈ పాత బొగ్గుగనుల్లోనే.

"చైత్రంల కండ్ల పరీక్ష ఉన్నది" అంది.

"తెలుసు."

"ఒక్క కన్ను తప్పినా కింద పంపులు నడిపే నీళ్ళ మెట్టుకే పంపుతరు. నిర్మల బిడ్డ యాదికి లేదా? ఐదేండ్ల పిల్ల. చెప్పులు గూడ ఏసుకోనియ్యలే."

మైసి మా ఇద్దరి మొహాలూ చూసింది. తిడతామనుకుందేమో, గుండీల దండ గౌను కింద దాచుకుంది.

శ్రావణం, చివరి వారం

పిల్లలకు కంటి పరీక్ష చేసే వసుంధర మేడం గదిలో దీపాలు మార్చేది నేనే. ఇవాళ మైసిని వెంటబెట్టుకుని వెళ్ళాను. మేడం నన్ను చూసింది, పిల్లను చూసింది, లేచి తలుపు గడియ పెట్టింది.

గోడ మీద నల్లటి గుండ్రాలు వరసలుగా ఉంటాయి, పైన పెద్దవి, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి. ప్రతి గుండ్రానికీ ఒక పక్క సందు. సందు ఎటుంటే అటు చెయ్యి చూపాలి. అక్షరాలు రాని పిల్లలకు అదే పరీక్ష. కుడి కన్నుతో మైసి అట్టడుగు వరసదాకా గబగబా చూపించేసింది. మేడం ఆ కన్నుకు అట్ట అడ్డం పెట్టింది.

"ఇప్పుడు చూపించమ్మా."

"గోడ మీద ఏం లెవ్వు."

మేడం చిన్న దీపం పట్టుకుని కంట్లోకి చూసింది. గాజుబిళ్ళలు మార్చి మార్చి చాలాసేపు చూసింది.

"కంట్లో రోగమేమీ లేదు ఓదెలూ. ఎడమ కంటికి దూరదృష్టి బాగా ఎక్కువ. దానికి పుట్టినప్పటి నుంచీ అంతా మసకే. రెండోది చక్కగా కనిపిస్తోంది కాబట్టి మెదడు దీన్ని పట్టించుకోవడం మానేసింది. పిల్లకు అదేమీ తెలీదు. తెలిస్తే కదా చెప్పడానికి!"

"మందున్నదా మేడం?"

"అద్దం కావాలి. ముసలివాళ్ళు దగ్గరి పనికి పెట్టుకుంటారే, ఆ రకం బిళ్ళ. అది ఎడమ కంటికి పెట్టి, మంచి కన్నును రోజూ రెండు గంటలు కప్పాలి. దిక్కులేక మెదడు దీనితో చూడటం నేర్చుకుంటుంది. చిన్న వయసులోనే అది వస్తుంది. పెద్దయ్యాక చాలా కష్టం."

"మరి ఇన్నేండ్ల సంది ఎవ్వలికీ ఎందుకు చెప్పలే?"

ఆమె బిళ్ళలు ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో సర్దుకుంది. "పోయినేడు నేను కిందికి పంపినవాళ్ళలో సగం మంది ఇలా బాగుపడేవాళ్ళే. గని నడిపే కమిటీకి చెప్పాను. అందరూ బాగుపడితే కింద పంపులెవరు నడుపుతారన్నారు. పంపులు ఆగితే మనమందరం మునుగుతాం కదా అన్నారు."

గడియ తీస్తూ మళ్ళీ చెప్పింది. "నెలకోసారి నాకు చూపించు. నేను చూడకుండా సొంతంగా కప్పుకుంటూ పోవద్దు."

భాద్రపదం

మా వరసలో అద్దాలున్నది నన్ను కన్న మా అవ్వ రాజవ్వకే. వడపోత గుడ్డలు కుట్టే పని ఆమెది. అడగడానికి వెళ్ళి, అడగలేక మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుతూ కూర్చున్నాను. సరోజన ముందే చెప్పేసిందట. అవ్వ అద్దాలు తీసి నా ఒళ్ళో పడేసింది.

"తీస్కపో. ఏం సోది పెడుతవు?"

"నీ కుట్టుపనో?"

"చేతులకు ఎరుకే."

అద్దాలు మైసి మొహానికి పెద్దవి. తాడుతో వెనక బిగించి కట్టాను. కుడి కన్నుకు దూది పెట్టి పైన గుడ్డ అంటించాను. మొదటి రోజు అది నిలబడ్డచోటే కూర్చుండిపోయింది. రెండో రోజు గోడ పట్టుకుని నడిచి నీళ్ళ బాన మీద పడింది, పెదవి చిట్లింది. మూడో రోజు నుంచి నా అడుగు చప్పుడు వింటే చాలు, మంచం కింద దూరుతోంది. కాళ్ళు పట్టి బయటికి లాగుతున్నాను.

"బాపూ, నీకు దండం పెడుత. రేపు కట్టుకుంట. ఇయ్యాల వద్దు."

"ఇయ్యాల ఇయ్యాలే."

"ఆ కన్నుకు నువ్వు మంచిగ కనబడవు."

ఇంకాస్త గట్టిగా కట్టాను.

ఆశ్వయుజం

మసితో మా గోడ మీద గుండ్రాలు గీశాను. సరిగా చూపించినప్పుడల్లా "శభాష్" అని భుజం మీద ఎక్కించుకుంటాను. ఆ మాట కోసం మైసి ఏమైనా చేస్తుంది. ఇవాళ కట్టు కట్టించుకుని, తల వెనక్కి వంచి, నా మొహానికి మొహం ఆనించి చాలాసేపు చూసింది.

"బాపూ, నీ గదువ మీద పుట్టుమచ్చున్నది!"

ఉంది. నా గడ్డం మీది మచ్చను ఎడమ కన్నుతో చూసి చెప్పింది. సరోజన పరుగెత్తుకొచ్చి, "నాకెన్ని ఉన్నయో చూడు, నాకు చూడు" అంటూ కిందే కూలబడింది. సరోజన కడుపుతో ఉంది. ఇద్దరం చాలా రోజుల తరువాత నవ్వాం.

మేడం దగ్గరికి తీసుకెళ్తే, ఎడమ కన్నుతో రెండు వరసలు చూపించింది. "బాగా వస్తోంది. ఇలాగే రెండు గంటలు" అంది మేడం. వెంటనే తలుపు తెరిచి మమ్మల్ని పంపేసింది. వరండాలో ఎవరో నిలబడ్డారు.

కార్తీకం

అవ్వ కుట్టిన గుడ్డ పిగిలింది. రెండో సొరంగంలోకి ఒక్కసారిగా దుమ్ము దిగి, ఊపిరాడక ఒక ముసలాయన పోయాడు. గుడ్డ తీసి చూస్తే కుట్లు పక్కపక్కనే పడ్డాయి తప్ప అంచును పట్టలేదు. అవ్వ వేళ్ళ నిండా సూది పోట్లు.

అందరి ముందూ నిలబెట్టి, అద్దాలేవని అడిగారు. పగిలిపోయాయంది. మరి పగిలితే చెప్పలేదెందుకంటే, "ముసలిదాన్ని, మర్చిపోయిన" అంది. నేను జనంలోనే ఉన్నాను. నా పక్కన సరోజన మైసిని ఎత్తుకుని ఉంది. మేం నోరు తెరిస్తే పిల్ల సంగతి బయటపడుతుంది. మేం తెరవలేదు.

అవ్వను నీళ్ళ మెట్టుకు దింపారు. కింద బురద తట్టలెత్తాలి. మనుషుల్ని దింపే తాళ్ళ తొట్టి దిగుతుంటే మైసి అరిచింది. "బాపమ్మా, మళ్ళెప్పుడొస్తవే?"

"నువ్వు మంచిగ చూడు బిడ్డా" అంది అవ్వ. అది జవాబు కాదని మైసికి కూడా తెలిసింది.

వసుంధర మేడం గది ముందు ఇప్పుడు కాపలా పెట్టారు. దీపాలు గుమ్మం దగ్గరే ఇచ్చి రావాలి. అద్దాలు మాయమైన సంగతి, నేను పిల్లతో తిరిగిన సంగతి ఎవరో కలిపి చూసినట్టున్నారు. మైసిని మేడంకు చూపించే దారి లేదు.

పుష్యం

కింద మెట్టులో జ్వరాలొచ్చి చాలామంది పోయారట. పంపుల దగ్గర మనుషులు చాలడం లేదు. చైత్రంలో పెట్టాల్సిన పరీక్షను మాఘానికి జరిపారు.

మైసి ఎడమ కన్నుతో నాలుగో వరస దగ్గరే ఆగింది. ఆరు వరసలు రావాలి. రెండు గంటలకు ఇంత వచ్చిందంటే రోజంతా కడితే ఎంత రావాలి? మేడంను అడగలేను. బాలవాడిలో పిల్లకు జ్వరమని చెప్పి, నాతో దీపాల గదికి తీసుకుపోతున్నాను. లేచింది మొదలు పడుకునేదాకా కట్టు విప్పడం లేదు.

పీకేసుకుంటోంది. అందుకని గౌను చేతులు పొడుగ్గా కుట్టించి, వాటి కొసలు వెనక్కి ముడేశాను. ముక్కు దురద పెడితే గోడకు రాసుకుంటోంది. నిన్న సరోజన తలుపు తోసుకుని వచ్చి ఆ ముళ్ళు చూసింది.

"నువ్వు మనిషివేనా? పశువుల గూడ గిట్ల కట్టరు."

"నెల దినాలు ఓపిక పట్టు. తరువాత నన్ను ఏమన్న అను."

"దాని మొఖం చూస్తున్నవా? కండ్లు గాదు, మొఖం చూడు."

చూశాను. ఏడవడం మానేసింది. మూల కూర్చుని, నేను పిలిచినప్పుడు లేచి, గుండ్రాలకు చెయ్యి చూపించి, మళ్ళీ పోయి కూర్చుంటోంది. ఇవాళ ఆరో వరస చూపించింది. "శభాష్" అన్నాను. భుజం మీద ఎక్కించుకోబోతే, "వద్దు, కింద పెట్టు" అంది. అయినా నా కడుపు నిండిపోయింది. గెలిచామనుకున్నాను.

మాఘం

పరీక్ష అయింది.

గదిలో వసుంధర మేడం, పక్కన కమిటీ మనిషి. తల్లిదండ్రులు గుమ్మం బయట నిలబడాలి. ముందు కుడి కన్నుకు అట్ట పెట్టారు. మైసి ఎడమ కన్నుతో ఆరు వరసలూ చూపించింది. కళ్ళద్దాలు అవ్వవని గుర్తుపడతారని అవి కూడా పెట్టలేదు, కన్ను చికిలించి చూపించింది. సరోజన నా చెయ్యి పట్టుకుంది. చాలా నెలల తరువాత పట్టుకుంది.

అట్ట మార్చారు. కుడి కన్ను. మంచి కన్ను.

మొదటి వరస చూపించింది. రెండో వరస చూపించింది. మూడో వరసలో చెయ్యి గాల్లో తిరిగింది. కిందికి, పక్కకు, మళ్ళీ కిందికి.

"సరిగా చూడమ్మా" అంది మేడం.

"ఊగుతున్నయి."

మేడం గుమ్మం దగ్గరికి వచ్చింది. కాపలా మనిషి వింటున్నాడని కూడా చూడలేదు. "ఎంతసేపు కప్పావు?"

"దినమంత."

"నెలకోసారి చూపించమన్నది దీనికే ఓదెలూ. పూర్తిగా కప్పితే మంచి కన్నుకూ అదే గతి పడుతుంది. దాన్ని కూడా మెదడు వదిలేస్తుంది." కమిటీ మనిషి వైపు తిరిగింది. "సార్, ఇది తాత్కాలికం. ఈసారి ఎడమ కన్ను కాసేపు కప్పితే రెండు మూడు నెలల్లో కుడి కన్ను తిరిగొస్తుంది. రెండూ బాగుంటాయి. నేను రాసిస్తాను."

ఆయన కాగితం మీద ముద్ర వేస్తూనే మాట్లాడాడు. ఆయన గొంతులో కోపం కూడా లేదు. "పరీక్ష ఒక్కసారే మేడం. మీకు తెలియందేముంది!"

మైసి బయటికొచ్చి ఎవరినీ అడగకుండా తన చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది, కట్టడానికి.

మాఘం, అమావాస్య ముందు

పిల్లతోపాటు ఒకరు దిగవచ్చు. దిగితే మళ్ళీ ఎక్కడం లేదు. సరోజన కడుపులో ఉన్నది పైన పుట్టాలి. కింద పుట్టిన పిల్లకు పరీక్ష కూడా ఉండదు. కాబట్టి దిగేది నేనే.

తొట్టి దగ్గర సరోజన మైసి తల దువ్వి, రెండు జడలు వేసింది. తరువాత నన్ను పక్కకు పిలిచింది.

"నువ్వు ముట్టకపోయినా అది కిందికే పోయేది" అంది.

"అవును."

"గని నవ్వుకుంట పోయేది. ఆర్నెల్లు ఏడిపిచ్చి పంపుతున్నం."

ఆమె మా ఇద్దరినీ కలిపి అంది. నా ఒక్కడి మీదే వేసి ఉంటే బాగుండేది.

ఫాల్గుణం

నీళ్ళ మెట్టులో మోకాలి లోతు నీళ్ళు ఎప్పుడూ ఉంటాయి. పడుకునేది చెక్కల అటకల మీద. పంపుల రొదకు నోరు చెవిలో పెట్టి మాట్లాడుకోవాలి. అవ్వ బతికే ఉంది. కాళ్ళు ఒరిసి, తెల్లగా ఉబ్బిపోయి ఉన్నాయి. మైసిని చూసి ఆమె సంతోషించలేదు. నెత్తి కొట్టుకుంది.

ఇక్కడ అడ్డుపడేవాళ్ళు లేరు కాబట్టి మేడం చెప్పినట్టే చేస్తున్నాను. ఈసారి ఎడమ కన్నుకు కట్టు. రెండు గంటలే. అవ్వ మైసిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని కథలు చెబుతుంటే నేను చూస్తూ కూర్చుంటాను. కట్టు విప్పాక మైసిని ఎత్తుకోవాలని చూస్తే, బాపమ్మ వెనక్కి జరుగుతుంది. నాకు అలవాటైంది.

అవ్వే నాకొక మాట చెప్పింది.

"చూపు తెప్పియ్యి. గని వచ్చినదని ఎవ్వలికి చెప్పకు. ఈడ అందరు ఒంటికన్ను పిల్లలే. రెండు కండ్ల పిల్ల దొరికితె భూమయ్య మేస్త్రి బురద తియ్యను పంపు గొంతులకు పంపుతడు. లోపట నీళ్ళను తిప్పే పదునైన రేకులుంటయి. అవి ఎంత దూరంల ఉన్నయో ఒంటికన్నుకు అందది. చెయ్యి పెట్టి పోగొట్టుకుంటరు."

జ్యేష్ఠం

మైసి కుడి కన్ను వచ్చింది. రెండు కళ్ళతోనూ నేను గీసిన ఆరు వరసలూ చూపించింది. సూదిలో దారం ఎక్కించి బాపమ్మకు ఇచ్చింది. ఈ మెట్టులో దానికున్నంత చూపు పిల్లల్లో మరెవరికీ లేదు.

ఆ రోజు నుంచీ కొత్త పాఠం మొదలుపెట్టాను. "ఎవరన్న అడిగితె తప్పు చూపియ్యాలె. కనబడ్తలేదనాలె."

"కనబడుతున్నది గద?"

"కనబడినా గట్లనే అనాలె."

"ఊఁ" అంది. నా మొహంలోకి నమ్మకం లేనట్టు చూసింది.

వారం నుంచీ నాలుగో పంపు ఆగి ఉంది. గొంతులో బురద పట్టిందన్నారు. నీళ్ళు నడుములదాకా వచ్చాయి. ఇవాళ భూమయ్య పిల్లలందరినీ అటక మీద వరసగా నిలబెట్టాడు. భూమయ్య కఠినుడేమీ కాదు. ఆయన కూడా ఐదేళ్ళకు దిగినవాడే, కుడి చేతికి మూడు వేళ్ళు లేవు. రెండు మేకుల్ని రెండు దారాలకు కట్టి వేలాడదీశాడు, ఒకటి ముందు, ఒకటి కొంచెం వెనక. ముందున్న మేకును ఒక్క వేలితో ముట్టుకోవాలి. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి వేలు చాపారు. ఒకరు మేకుకు ఇవతలే ఆగారు. ఒకరు దాటిపోయారు. ఒకడు దారాన్నే తోసేశాడు.

మైసి వంతు వచ్చింది. నేను నీళ్ళలో నిలబడి తల అడ్డంగా ఊపాను. అది నన్ను చూసింది. తరువాత మేకుల్ని చూసింది. ఇన్ని నెలలుగా నేను నేర్పింది ఒక్కటే. తప్పు చూపిస్తే మళ్ళీ కడతారు.

నెమ్మదిగా వేలు చాపి మేకు కొసను ముట్టుకుంది. అది ఊగను కూడా ఊగలేదు.

"శభాష్" అన్నాడు భూమయ్య.

మైసి మొహం విప్పారింది. ఆశ్వయుజం తరువాత నేను ఆ మొహం చూడలేదు.

నడుముకు తాడు కట్టి, నుదుటికి దీపం పెట్టారు. నేను అడ్డం పడ్డాను. ఇద్దరు పట్టుకుని వెనక్కి లాగారు. "నాలుగో పంపు తిరగకపోతె రేపటికి అందరం మునుగుతం ఓదెలన్నా" అని భూమయ్య నా చెవిలో అరిచాడు. "నీ బిడ్డకు చూపున్నది. దానికేం కాదు." తాడు కొస నా చేతికే ఇచ్చాడు. బిడ్డ తాడు తండ్రి పట్టుకుంటే గట్టిగా పట్టుకుంటాడని కాబోలు.

తాడు సాగింది. ఆగింది. మళ్ళీ సాగింది. చాలాసేపు ఆగిపోయింది. తరువాత రెండుసార్లు లాగింది. బయటికి చేదుకున్నాను. నిలువెల్లా బురద. చేతులు చూశాను, వేళ్ళన్నీ ఉన్నాయి. ఎన్నో నెలల తరువాత తనంతట తానే వచ్చి నా మెడ చుట్టూ చేతులు వేసింది.

"బాపూ, నాకు అన్ని కనబడినయి. రేకులు ముట్టుకోలే. ఆ రేకుల కాడ ఒక అక్క ఉన్నది. పండుకున్నది. లేపినా లేస్తలేదు."

అవ్వ రెండు చేతులతో నోరు మూసుకుంది. భూమయ్య మాత్రం తల దించుకున్నాడు. పంపు ఎందుకు ఆగిందో ఆయనకు మొదటి రోజు నుంచే తెలుసు. మొండిచేత్తో మొహం తుడుచుకుని, ఇంకో తాడు తెచ్చి మైసికి ఇచ్చాడు.

"మళ్ళ పో బిడ్డా. అక్క కాలికి ఇది కట్టి రా. మేం గుంజుతం."

మైసి తాడు తీసుకుని నా వైపు తిరిగింది.

"ఏ కాలికి బాపూ? కుడి కాలికా, ఎడమ కాలికా?"

"ఏదైనా సరే" అన్నాను.